రెండో చుట్టు

పళ్ల డాక్టరు స్టీరింగును పట్టుకున్న తీరు చూస్తే, అదెక్కడ ఊడి చేతికొస్తుందోనన్నట్టుంది. రోజూ ఊళ్లోవాళ్ల నోళ్లలో చెయ్యి పెట్టి "భయపడకండి, చీమ కుట్టినట్టు కూడా ఉండదు" అని చెప్పే మనిషి, సర్కిల్ కనపడగానే తనే నోరు తెరిచేశాడు.

"మాస్టారూ, ఏ లేనండీ? లోపలిదా, బయటిదా?"

పక్క సీట్లో ఉన్నది డ్రైవింగు మాస్టారు. ఆయన కాలు తన వైపున్న రెండో బ్రేకు మీద ఉంది. నేర్పే కార్లకు పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, అది. ఆ బ్రేకు మీద పెట్టిన కాలు సాయంత్రానికి ఆయనది కాదు. పిక్క రాయిలా బిగుస్తుంది. మోకాలు, తలుపు బందులాగా చప్పుడు చేస్తుంది.

"లోపలి లేన్లో బాణం నేరుగా పొమ్మంటోందండీ. దాని కిందున్న పాత బాణమేమో బయటికి దిగిపొమ్మంటోంది."

"డాక్టరుగారూ, రోడ్డు మీద ఏం రాసుంటే అది చదివేయకండి. తిరగండి."

"తిరిగి?"

"తిరుగుతూ చూడండి. ఎక్కడ దిగాలో మీ కళ్లతో మీరు చూసుకోండి. రెండో చుట్టులో దిగుదాం."

డాక్టరు తిరిగాడు. ముందు వెళ్తున్న రొట్టెల వ్యాన్ కూడా తిరిగింది. వెనక స్కూటరూ తిరిగింది. అందరూ ఒకసారి మధ్యలో ఉన్న గడ్డిదిబ్బను చూసుకుని, రెండోసారి ఎవరి దారిన వాళ్లు దిగిపోయారు.

ఈ సర్కిల్ సంగతి కాస్త చెప్పాలి. దీనికి నాలుగు దారులు. కాగితం మీద అయిదు. అయిదోది ఇంకా పుట్టలేదు. పుట్టాల్సిన చోట సిమెంటు గోడౌను గోడ అడ్డంగా నిలబడి ఉంది. గీతలు వేసినవాళ్లు రోడ్డు చూడకుండా కాగితం చూసి వేశారు. అందుకని ఒక బాణం, నిండు తెల్లరంగులో, పెళ్లివారిని ఎదురెళ్లి పిలిచినంత మర్యాదగా, ఆ గోడలోకి దారి చూపిస్తుంది. గోడకు బంపర్ల ఎత్తులో గీతలూ గుంటలూ ఉన్నాయి. మర్యాద కాదనలేక వెళ్లినవాళ్లవి.

తర్వాత ఆఫీసులో ఎవరికో తప్పు తెలిసొచ్చింది. పాత గీతల మీద నల్లరంగు పూయించి, కొత్తవి గీయించారు. నల్లరంగు రెండు వానలకు కొట్టుకుపోయింది. ఇప్పుడు పాతవీ కొత్తవీ ఒకే వంటింట్లో ఇద్దరు తోడికోడళ్లలాగా కలిసే ఉంటాయి. ఒకదాని మాట ఒకటి వినదు. లోపలి లేను గీతైతే మరీ అన్యాయం. సగం దూరం మన చెయ్యి పట్టుకుని నడిపించి, సరిగ్గా దిగాల్సిన చోటికొచ్చేసరికి మాయమైపోతుంది. అప్పిచ్చినవాడు కనపడ్డప్పుడు మనం మాయమైనట్టు.

సర్కిల్ కొత్తలో మాస్టారి శిష్యులు పరీక్షల్లో వరసగా తప్పారు. బొమ్మలు గీసి చెప్పాడు. పళ్లెంలో అగ్గిపెట్టెలు తిప్పి చెప్పాడు. ఒకరోజు బట్టల కొట్టాయన అరవయ్యోసారో, డెబ్బయ్యోసారో "ఏ లేనండీ?" అని అడిగితే, మాస్టారికి ఓపిక అయిపోయింది. గాలిలో వేలు గుండ్రంగా తిప్పి, "ముందు ఒక చుట్టు తిరుగు నాయనా. తర్వాత చూద్దాం" అన్నాడు. బట్టల కొట్టాయన తిరిగాడు, చూశాడు, హాయిగా దిగాడు. పరీక్ష పెట్టే ఆఫీసరు కూడా రూలు పుస్తకం తిరగేసి, రెండుసార్లు తిరగకూడదని ఎక్కడా లేదని పాస్ చేశాడు.

అలసిపోయి అన్న మాట పాఠమైపోయింది. ఊళ్లో డ్రైవింగు నేర్పేది మాస్టారు ఒక్కడే. నేర్చుకున్నవాళ్లు తిరిగారు. వాళ్ల వెనక వచ్చినవాళ్లు, ఇదేదో ఇక్కడి పద్ధతి కాబోలనుకుని తిరిగారు. బయటూరి లారీలు కూడా దండం పెట్టుకుంటున్నట్టు ఒక ప్రదక్షిణ చేసి మరీ వెళ్తాయి. దానికి 'మాస్టారి చుట్టు' అని పేరు కూడా పడింది.

సర్కిల్‌కి ఆనుకునే మాస్టారి ఇల్లు. ఇంటి ముందు గది ఆయన భార్య కుట్టు షాపు. మూడు వైపులా కిటికీలు. నల్లగుడ్డ మీద నల్లదారం కుట్టాలన్నా దీపం అక్కర్లేనంత వెలుతురు. ఊరి ప్యాంట్లన్నీ ఆ గదిలోనే పొట్టివవుతాయి, పొడుగవుతాయి. ఊరి కబుర్లు మాత్రం పొడుగే అవుతాయి.

ఆ సాయంత్రం మాస్టారు కుంటుకుంటూ లోపలికొచ్చేసరికి, బావమరిది కత్తిరింపుల బల్ల మీద ఒక పెద్ద కాగితం పరిచి నిలబడి ఉన్నాడు. వాడు రోడ్ల ఆఫీసులో పని చేస్తాడు. బళ్లు లెక్కపెట్టే పని. రోడ్డుకు అడ్డంగా రబ్బరు గొట్టం పరిచి, దాని కొసను స్తంభానికి కట్టిన డబ్బాకు తగిలిస్తాడు. చక్రం గొట్టాన్ని తొక్కితే గాలి డబ్బాలోకి తన్నుతుంది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ కలిపి డబ్బా ఒక బండి లెక్క వేసుకుంటుంది. మిగతా రోజంతా వాడు స్తంభం నీడలో కూర్చుని గొట్టాన్ని ఎవరూ ఎత్తుకుపోకుండా చూస్తాడు.

"రా బావా, రా. ఊరి కాళ్లు నిలబెట్టి నీ కాలు పడగొట్టుకున్నావా ఇవాళ కూడా?"

"నీలాగా గొట్టం పక్కన కునుకు తీసే ఉద్యోగం అందరికీ దొరకదురా. ఏంటా కాగితం?"

మాస్టారి భార్య తల ఎత్తలేదు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒక ప్యాంటు అంచు మడుస్తోంది. సూదుల మధ్యనుంచే అంది. "మీ బావమరిది శుభవార్త తెచ్చాడు. వినండి."

"అక్కా, నామీద కోపగించుకుంటే ఎలా? నేను గీశానా?"

కాగితం మీద కొత్త సర్కిల్. మాస్టారు కళ్లజోడు సర్దుకుని చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. ఎంత బాగుందంటే, నోరూరింది. ఒక్కో లేనుకు ఒక్కో బాణం. ఎక్కడా ఒకదాని మీద ఒకటి లేదు. దారికో బోర్డు. గోడలోకి వెళ్లే బాణమే లేదు. దీంట్లోకి కళ్లు మూసుకుని పంపినా పళ్ల డాక్టరు సరిగ్గా దిగుతాడు. పక్క సీట్లో మాస్టారు కాళ్లు చాపుకోవచ్చు. పాట కూడా పాడుకోవచ్చు.

"ఇదేంటి ఇక్కడ, ఎర్రగా?" అన్నాడు చివరికి.

"ఇది..." బావమరిది గొంతు సవరించుకున్నాడు. "ఇది మీ ముందు గది బావా. సర్కిల్ వెడల్పు చేస్తున్నారు. ఇంకో లేను వస్తోంది. ఆ లేను సరిగ్గా అక్క మిషను మీదుగా పోతుంది."

"అక్క మీదుగా పోనీ, గొడవొదిలిపోద్ది" అంది భార్య. సూదులన్నీ తీసి డబ్బాలో పోసింది. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. "వెనక వంటింట్లో చీకట్లో కుట్టుకోమంటారా? నాకసలే చత్వారం. ఆ కిటికీలు పోతే నా పని పోయినట్టే."

"ఉన్న సర్కిల్‌కేం వచ్చింది, వెడల్పు చేయడానికి?" అన్నాడు మాస్టారు.

"రద్దీ బావా! లెక్క చూసి మా ఇంజనీరమ్మే కుర్చీలోంచి లేచి నిలబడింది. ఇంత చిన్న ఊళ్లో ఇన్ని బళ్లెక్కడివి, పిల్లలు పెడుతున్నాయా అంది."

మాస్టారు బల్ల అంచు పట్టుకుని మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు.

"ఒరేయ్. గొట్టాలు ఎక్కడ పరిచావు?"

"సర్కిల్లోనే."

"సర్కిల్లోకొచ్చే దారుల మీద కాదా?"

"దారులన్నీ గుంతలు కదా బావా, గొట్టం సరిగ్గా ఆనదు. సర్కిల్ లోపల నున్నగా ఉందని అక్కడే..." వాడి నోరు సగంలో ఆగిపోయింది. వేలు గాలిలో గుండ్రంగా ఒకసారి తిరిగింది. రెండోసారి తిరిగింది. "అమ్మబాబోయ్."

భార్య మిషను చక్రం మీద చెయ్యి వేసి, అది కూడా ఒక చుట్టు తిప్పింది.

"అంటే," అంది భార్య నింపాదిగా, "ఈయన అందర్నీ రెండేసిసార్లు తిప్పాడు. నువ్వు అందర్నీ రెండేసిసార్లు లెక్కేశావు. ఇద్దరూ కలిసి నా షాపు మీద రోడ్డేశారు. ఎంత చక్కటి బావాబావమరుదులు!"

"రేపే వెళ్లి గొట్టాలు తప్పుగా వేశానని చెప్పెయ్" అన్నాడు మాస్టారు.

"చెప్తే నన్ను తీసేస్తారు బావా. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. డబ్బాలోకి నీళ్లు పోయాయని చెప్పి ఇంకోసారి లెక్క పెట్టిస్తాను. చోటు మారిస్తే నా తప్పు బయటపడుతుంది, అందుకని అదే చోట. ఆ ఒక్కరోజు అందర్నీ ఒక్కసారే తిరిగి దిగిపొమ్మను. నీ మాట వింటారు కదా!"

మాస్టారికి అప్పటికే అలుపొచ్చింది. అయినా ఆ వారమంతా కాలీడ్చుకుంటూ ఊరంతా తిరిగాడు. మంగలి షాపులో చెప్పాడు. రొట్టెల బట్టీలో చెప్పాడు. బట్టల కొట్టాయనకు చెప్పాడు. ఒక్కొక్కరికీ ఒక్కో రకంగా బతిమాలాడు.

"ఒక్కసారేనా?" అంది బడి వ్యాను నడిపే ఆవిడ అనుమానంగా. "మీరే కదా మాస్టారూ, చూడకుండా దిగేవాడు చూస్తూ చచ్చేవాడని తిట్టారు నన్ను?"

"తిట్టానమ్మా. ఆ ఒక్కరోజూ తిట్టను. నా తల్లివి కదూ, ఒక్కసారే తిరుగు."

"మరి ఏ లేను?"

మాస్టారు ఏడుపు మొహం పెట్టాడు. "బయటి లేను తల్లీ. గోడ దాకా వెళ్లకుండా, గడ్డి ఎండిపోయిన చోట దిగిపో."

లెక్క రోజు వచ్చింది. పొద్దున్నే బావమరిది గొట్టాలు పరిచి, డబ్బా పెట్టి, స్తంభం పక్కన ఎప్పుడూ లేనంత బుద్ధిగా నిలబడ్డాడు. మాస్టారు వాకిట్లో కూర్చుని చూస్తే సరిపోయేది. ఇంట్లోంచి భార్య కూడా అదే చెప్పింది. "లోపలుండండి. మీరక్కడ నిలబడితే ఏమొస్తుంది?" మనసాగలేదు. ఎవడైనా మరిచిపోతే సైగ చేయొచ్చని వెళ్లి సర్కిల్ అంచున నిలబడ్డాడు.

మొదట వచ్చింది రొట్టెల వ్యాన్. అందులో కుర్రతనం వదిలిపోయి బట్టతల వచ్చిన డ్రైవరు, మాస్టారి తొలి శిష్యుల్లో ఒకడు. చక్కగా వచ్చాడు, బయటి లేను పట్టాడు, దిగబోయాడు. అంతలో అంచున నిలబడ్డ మాస్టారిని చూశాడు. వెంటనే వాడి వెన్ను నిటారుగా లేచింది. రెండు చేతులూ స్టీరింగు మీదకొచ్చాయి. అద్దం చూశాడు. మెడ తిప్పి పక్క చూశాడు. నమస్కారం మాస్టారూ అన్నట్టు తల వంచాడు. తల వంచి, ఎంతో శ్రద్ధగా, రెండో చుట్టుకు వెళ్లిపోయాడు.

"వద్దురా!" అని మాస్టారు చెయ్యి ఊపాడు. తిరగమంటున్నాడనుకుని వాడు మూడోది కూడా వేశాడు.

వాడి వెనక బడి వ్యాను. ఆవిడ కూడా మాస్టారిని చూసింది. ఆవిడ వెన్ను కూడా లేచింది. బట్టల కొట్టాయన, మంగలి, పోస్టు బండి, ముసలి దంపతుల ఎర్ర కారు. ఎంతమంది వచ్చారో అంతమందీ, మాస్టారి మొహం కనపడగానే పరీక్ష రోజు గుర్తొచ్చినట్టు బిగుసుకుపోయి, ఊరు మొత్తం మీద ఎన్నడూ లేనంత పద్ధతిగా రెండేసి చుట్లు తిరిగారు. కొందరైతే కాళ్లకు దండం పెట్టినంత పని చేసి మూడు తిరిగారు. గొట్టం ఠపాఠపామంటోంది. డబ్బా వేసుకుంటూనే ఉంది.

"బావా, ఇంట్లోకి పో!" అని బావమరిది స్తంభం దగ్గరనుంచి మొత్తుకున్నాడు. "నీకు పుణ్యముంటుంది, కనపడకుండా పో!"

అప్పుడే మాస్టారి పక్కన ఒక చిన్న కారు ఆగింది. అందులోంచి చెప్పులకు దుమ్ము కొట్టుకున్న ఒక ఆడమనిషి దిగింది. చేతిలో సగం తాగిన నీళ్ల సీసా. కళ్ల కింద నల్లటి చారలు. అలుపులో మాస్టారికి ఏమాత్రం తీసిపోయేలా లేదు. బావమరిది ఉలిక్కిపడి సెల్యూట్ కొట్టినంత పని చేయడం చూసి, ఇంజనీరమ్మ ఈవిడేనని మాస్టారికి అర్థమైంది.

ఆవిడ కారు తలుపు మూసింది. సర్కిల్ చూస్తూ నిలబడింది. ఎర్ర కారు మళ్లీ ఎదురుగా వచ్చింది.

"ఈ కారు ఇందాక కూడా వచ్చినట్టుంది" అంది.

"వచ్చిందమ్మా."

"ఎందుకు తిరుగుతున్నారు వీళ్లంతా?"

మాస్టారు బావమరిది వైపు చూశాడు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. మాస్టారు రోడ్డు అంచు రాయి మీద కూలబడ్డాడు. నిలబడి అబద్ధమాడే ఓపిక కూడా లేదాయనకు.

"గీతలు అర్థం కాక తిరుగుతున్నారమ్మా. ఒకసారి తిరిగి చూసుకుని దిగమని నేనే నేర్పాను. ఊరంతా నా దగ్గరే నేర్చుకుంది. మీ లెక్కలో ఒక్కో బండీ రెండు." ఆగి, చిన్నగా దగ్గాడు. "ఇంకోటి. గొట్టాలు దారుల మీద వేయబోతే, మా శిష్యులు బెదురుతున్నారని నేనే సర్కిల్లోకి జరిపించాను. ఆ అబ్బాయి తప్పేం లేదు. బావగారి మాట కాదనలేకపోయాడు."

ఇంజనీరమ్మ ఆయన వైపు, బావమరిది వైపు, మళ్లీ ఆయన వైపు చూసింది. ఆ రెండో మాట నమ్మలేదని కళ్లే చెప్పాయి. నమ్మనట్టు చెప్పడానికి ఆవిడకూ ఓపిక లేదు. వచ్చి పక్కనే రాయి మీద కూర్చుంది. సీసా అందించింది. మాస్టారు ఎత్తి రెండు గుక్కలు తాగాడు.

"ఈ గీతలు నేను వేయించినవి కావు" అంది కాసేపాగి. "మొదటివి ఒకాయన, రెండోవి ఇంకొకాయన. ఇద్దరూ బదిలీ అయిపోయారు. తిట్లు నాకు వదిలి వెళ్లారు."

"నాకు కాలు వదిలి వెళ్లారమ్మా" అన్నాడు మాస్టారు.

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే మొహం మళ్లీ పాతలాగే అయిపోయింది. "ఒక సంగతి చెప్తాను, వినండి. కొత్త గీతలకని అడిగితే ఇవ్వరు. వట్టి రంగుకు ఎవరూ సంతకం పెట్టరు. రద్దీ ఉందంటేనే కదులుతారు. రద్దీ ఉందంటే వెడల్పు చేయాలి. వెడల్పు చేస్తేనే గీతలు, బోర్డులు, అన్నీ కలిపి వస్తాయి. ఇవాళ్టి లెక్క ఇలాగే పంపిస్తే ఏడాదిలో మీకు ఆ కాగితంలో ఉన్న సర్కిల్ వస్తుంది. నిజం రాస్తే బళ్లు సగమే ఉన్నాయని ఈ సర్కిల్‌ని వరసలోంచే తీసేస్తారు. ఇక ఇటు ఎవరూ చూడరు. ఎన్నేళ్లో నేను చెప్పలేను."

"గీతలు ఇలాగే ఉంటాయా?"

"ఇలాగే. నేను కూడా బదిలీ అయిపోతాను ఈలోపు."

మాస్టారు సర్కిల్ వైపు చూశాడు. వంకర గీతలు, చెరిగిన గీతలు, చెరిగీ చెరగని గీతలు. కాగితం మీది కొత్త సర్కిల్ కళ్ల ముందు మెదిలింది. ఒక్కో లేనుకు ఒక్కో బాణం. కాలు చాపుకుని పక్క సీట్లో కూర్చోవడం. దాని కోసం ఆయన ఒక్కమాట కూడా అనక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు.

తల తిప్పి ఇంటి వైపు చూశాడు. కిటికీలో భార్య ఎవరిదో కోటు ఎత్తి వెలుతురుకు పట్టి చూస్తోంది. దారం కొరికింది. మళ్లీ పట్టి చూసింది. మిషను పక్కన సగం సర్దిన అట్టపెట్టెలు, బొత్తాల సీసాలు. వారం నుంచీ ఏదీ పూర్తిగా సర్దదు, ఏదీ విప్పదు.

ఆయన మోకాలు రుద్దుకున్నాడు. చాలాసేపు రుద్దుకున్నాడు. ఇంజనీరమ్మ తొందరపెట్టలేదు.

"నిజమే రాయండమ్మా" అన్నాడు.

ఆవిడ తలూపి లేచింది. వెళ్లేముందు బావమరిది దగ్గర ఆగి, "ఈసారి గొట్టాలు దారుల మీదే వెయ్యి. నీ బావ ఏం చెప్పినా సరే" అంది. వాడు "అలాగే మేడం, అలాగే మేడం" అని ఆవిడ కారు మలుపు తిరిగేదాకా అంటూనే ఉన్నాడు. ఆవిడ కారు కూడా సర్కిల్ ఎక్కి, ఒక క్షణం తటపటాయించి, ఎలాగో దిగి పోయింది.

మాస్టారు షాపులోకి వచ్చాడు.

"ఆ పెట్టెలు విప్పెయ్" అన్నాడు. "గది ఎక్కడికీ పోదు."

భార్య కోటు పక్కన పెట్టింది. "నిజంగా?"

"నిజంగానే."

"మరి కొత్త గీతలు?"

"రావు."

"మీ కాలు?"

"అది ఉందిగా, ఇక్కడే. ఎక్కడికి పోద్ది?"

ఆవిడ ఆయన్నే చూస్తూ నిలబడింది. మెచ్చుకోవడం ఆవిడకు ఎప్పుడూ చేతకాదు. అది చేతకానప్పుడల్లా ఏదో ఒకటి కుడుతుంది.

"ఆ ప్యాంటు ఇలా ఇవ్వండి. మోకాలి దగ్గర అరిగి జల్లెడైపోయింది. ఊళ్లో అందరికీ నేను కుట్టిపెడుతుంటే, నా మొగుడు ఇలా తిరుగుతున్నాడంటే నాకెంత నామోషీ!"

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నాకు ఇప్పుడే తీరింది."

మాస్టారు బల్ల వెనక్కి వెళ్లి ప్యాంటు విప్పి ఇచ్చాడు. ఎవరో అంచు కుట్టించుకోవడానికి ఇచ్చిన పెద్ద పూల కర్టెన్ ఒకటి తీసి నడుముకు చుట్టుకున్నాడు. స్టూలు మీద కూర్చుని గోడకు తల ఆనించాడు. మిషను నడవడం మొదలైంది. ఆ చప్పుడుకు కళ్లు వాటంతటవే మూతలు పడుతున్నాయి.

బయట హారన్ మోగింది. కిటికీ దగ్గరికి పళ్ల డాక్టరు మొహం వచ్చింది.

"మాస్టారూ, మన క్లాసు టైమైందండీ. కారు తాళాలు..." డాక్టరు చూపు కర్టెన్ పూల మీద పడి అక్కడే ఆగిపోయింది.

"ఆయనకు ఆపరేషను జరుగుతోంది డాక్టరుగారూ" అంది భార్య, మిషను ఆపకుండానే. "చీమ కుట్టినట్టు కూడా ఉండదు. బయట కాసేపు కూర్చోండి."

మాస్టారు కళ్లు తెరవలేదు.

"మెల్లగా కుట్టవే" అన్నాడు. "తొందరేం లేదు."